సువార్త చేతిమీద వేసిన నింద

నా సీసాలో నేను కలిపిన చిటికెడు పొడిని దాదాపు యాభై ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం. తెలిసినవాళ్లకు చెప్పాలని ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ కాఫీ బాగుందనో, ఎండలు మండిపోతున్నాయనో అనేసి ఊరుకున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె నన్ను పిరికివాడిగా చూస్తుంది గాని మోసగాడిగా ఎన్నడూ చూడలేదు.

డెబ్బైలలో విజయవాడలోని ఒక కాలేజీలో రసాయన శాస్త్రంలో పరిశోధన చేసేవాణ్ణి. మా పని చెప్పడానికి తేలిక. ఒక ఆల్డిహైడు, ఒక ఎస్టరు, యూరియా. ఈ మూడింటినీ ఒకే ఫ్లాస్కులో వేసి, రెండు చుక్కల ఆమ్లం కలిపి, ఆల్కహాలులో కొన్ని గంటలు మరిగిస్తే మూడూ కలిసి ఒక కొత్త పదార్థం తయారవుతుంది. ఆల్డిహైడు మార్చినప్పుడల్లా ఇంకో కొత్త పదార్థం. వాటిలో ఏదో ఒకటి మందుగా పనికి రాకపోతుందా అని మా ఆశ. చిన్న చిన్న గొట్టాల్లో పోసి, చీటీలు అంటించి, వేరే ఊళ్లో ఉన్న మందుల కంపెనీకి పరీక్షలకు పంపేవాళ్లం.

చివర్లో స్ఫటికాలు పడితే పండగ. పడకపోతే ఫ్లాస్కు అడుగున గోధుమరంగు బంక. మా ఊరి ఎండలకు బంకే ఎక్కువ. వన్ టౌన్ నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసు గడ్డ తెప్పించుకుని, అందులో ఫ్లాస్కు పెట్టి, గాజు కడ్డీతో లోపలి గోడను గోకుతూ కూర్చునేవాళ్లం. కొందరు డాక్టర్లకు హస్తవాసి మంచిదంటారు కదా, మా గైడు గారు ఆ మాటను స్ఫటికాలకు కూడా వాడేవారు. "వీడి హస్తవాసి అలాంటిదయ్యా, ముట్టుకుంటే పడతాయి" అని నన్ను వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. సైన్సు చదివిన మనిషి అలా అనొచ్చునా? పొగిడింది నన్నే కాబట్టి నాకప్పుడు ఆ సందేహం రాలేదు.

నాకు పేరు తెచ్చిన పదార్థం ఒకటుంది. దాని ఆల్డిహైడు మొండిది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ బంకే. నాలుగోసారి చేయబోతే లాబులో యూరియా అయిపోయింది. ఇండెంటు పెట్టి సరుకు వచ్చేదాకా ఆగే ఓపిక లేదు. ఆదివారం కంకిపాడులో మా ఇంటికి వెళ్లినప్పుడు, పొలానికి తెచ్చిన బస్తాలోంచి గుప్పెడు యూరియా పొట్లం కట్టుకొచ్చాను. ఆ రోజు ఐసు కూడా అక్కర్లేకపోయింది. ఫ్లాస్కు చల్లారుతుండగానే తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు. నోటుబుక్కులో మాత్రం 'శుద్ధమైన యూరియా' అని రాశాను. మందుకోసం చేసే పదార్థంలో పొలం ఎరువు వేశానంటే గైడు గారు ఆ పేజీ చింపి నా మొహాన కొట్టేవారు. అప్పటికి దాన్ని అబద్ధమని కూడా అనుకోలేదు. ఎక్కడిదైనా యూరియా యూరియానే కదా అనుకున్నాను.

పేపరు అచ్చయింది. కంపెనీ పరీక్షలో ఆ పదార్థం పనిచేసింది, ఇంకొంచెం పంపమన్నారు. కొత్తగా వచ్చిన సీసాలోని యూరియాతో చేశాను. బంక. మళ్లీ చేశాను. మళ్లీ బంక. అప్పుడు ఆ పొలం యూరియా పొట్లం గుర్తొచ్చింది. కంకిపాడు వెళ్లి మా అన్నయ్యను అడిగితే, వరి ఆకు తుప్పు పట్టినట్టు అవుతుంటే ఆ బస్తాలో జింకు సల్ఫేటు కలిపామని చెప్పాడు. వచ్చి పరీక్ష చేసి చూశాను. శుద్ధమైన యూరియాలో చిటికెడు జింకు సల్ఫేటు వేస్తే స్ఫటికాలు, వేయకపోతే బంక. మూడింటినీ దగ్గరికి చేరుస్తున్నది ఆ జింకు. నా చెయ్యి కాదు.

నిజం చెప్పాల్సింది ఆ రోజే. చెబితే ఏమయ్యేది? ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది, ఎందుకంటే అది దాచుకోవాల్సిన తప్పు కానే కాదు, ఇంకో పేపరు రాసుకోదగ్గ కొత్త సంగతి. కాని థీసిస్ అప్పటికే టైపుకు వెళ్లింది. గైడు గారు నలుగురిలో నా హస్తవాసి గురించి చెప్పుకొచ్చారు. పట్టా వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చింది. అదే కాలేజీలో దొరికిన ఉద్యోగం పర్మినెంటు అయ్యాక చెబుదామనుకున్నాను. అదీ అయింది. ఎప్పటికప్పుడు పోగొట్టుకోవడానికి ఇంకొకటి తయారవుతూ వచ్చింది.

సువార్త మా లాబులో పరిశోధనకు అప్పుడు చేరింది. గుడివాడ వైపు ఒక ఊళ్లో బడి పంతులు గారి పెద్దమ్మాయి. వాళ్ల చర్చిలో ఎమ్మెస్సీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. ఆమె పరిశోధన కోసం ఆదివారాలు పాస్టరు గారు ప్రార్థన చేయించేవారని తర్వాత తెలిసింది. గైడు గారు ఆమెకు నా పదార్థాన్నే ఇచ్చారు. ముందు నేను చేసినదాన్ని మళ్లీ చేసి చూపాలి. అది కుదిరితేనే దానిలాంటివి ఇంకో పది చేసి థీసిస్ రాయాలి. కుదరకపోతే థీసిస్ లేదు, పట్టా లేదు.

నాకంటే శుభ్రంగా పనిచేసేది. రెండుసార్లు తూచేది. ఆల్డిహైడును ఏ రోజుకారోజు ఆవిరి పట్టి శుద్ధి చేసి వాడేది. రెండేళ్లపాటు బంకే. "నీకు హస్తవాసి లేదమ్మాయ్" అనేవారు గైడు గారు, మొదట్లో నవ్వుతూ, తర్వాత నవ్వకుండా. తోటివాళ్లు తమ ఫ్లాస్కులను ఆమె బల్లకు దూరంగా జరుపుకునేవారు. నేనేం చేశాను? ఇంకాస్త నెమ్మదిగా చల్లార్చు, కడ్డీ మార్చి చూడు అని సలహాలిచ్చాను. ఆమె సీసాలో నేనే చిటికెడు వేసేస్తే పోదా అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. వేయలేదు. ఆమె ఊరుకునే రకం కాదు. నిన్న పడనివి ఇవాళ ఎందుకు పడ్డాయని అడిగేది. అడిగితే ఆ యూరియాను పరీక్ష చేసేది. అటు చెప్పలేను, ఇటు సాయం చేయలేను, రోజూ పొద్దున్నే వెళ్లి ఆ అమ్మాయి పక్క బల్ల దగ్గరే నిలబడాలి.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఒక్కసారి మీరు చేస్తుంటే పక్కన నిలబడి చూడొచ్చాండీ?"

"చూస్తే ఏం తెలుస్తుందమ్మా? అంతా పేపర్లో ఉందిగా."

"పేపర్లో ఉన్నట్టే ఇరవైసార్లు చేశానండీ. నాకు తెలీకుండా ఎక్కడో తప్పు చేస్తున్నట్టున్నాను. మీ చెయ్యి చూస్తే తెలుస్తుందేమోనని."

గైడు గారు విన్నారు. "చేసి చూపించవయ్యా, పోయేదేముంది. రేపు పొద్దున పెట్టు" అన్నారు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్లాను. నా యూరియా సీసా మూత తీసి, చిటికెడు జింకు సల్ఫేటు వేసి, మూత బిగించి ఊపాను. తెల్లటి పొడిలో తెల్లటి పొడి కలిసిపోయింది. పదకొండు గంటలకు ఆమె పుస్తకం పట్టుకుని నా పక్కన నిలబడింది. నేను తూచింది రాసుకుంది, పోసింది రాసుకుంది, ఫ్లాస్కును ఏ చేత్తో పట్టుకున్నానో కూడా రాసుకుంది. సాయంత్రానికి స్ఫటికాలు పడ్డాయి. గైడు గారు నా భుజం తట్టారు. సువార్త ఫ్లాస్కుకేసి చాలాసేపు చూసింది.

"సార్, మీ సీసాలో యూరియాతో నేనొకసారి చేసి చూడనాండీ?"

మూడేళ్లలో ఆ గదిలో ఎవరూ అడగని ప్రశ్న అది. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. సీసా నా చేతికి అందేంత దూరంలో ఉంది. ఇచ్చేస్తే సరిపోయేది, మిగతాదంతా ఆమే తేల్చుకునేది. నేను నోరు విప్పి ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు.

"రెండూ ఒకే పెట్టెలో వచ్చినవేనమ్మా. సీసాలో ఏముంటుంది?" అన్నాను.

"అయితే లోపం నా చేతిలోనే ఉందండీ" అంది. ఏడవలేదు. తన ఫ్లాస్కులన్నీ కడిగి, బోర్లించి వెళ్లిపోయింది. ఆమె గుమ్మం దాటగానే నా సీసా సింకులో ఒంపేసి, పంపు తిప్పి, అది పూర్తిగా కరిగిపోయేదాకా నిలబడ్డాను.

ఆ నెలలోనే మానేసింది. బీయీడీ చేసి ఇబ్రహీంపట్నంలో ఒక స్కూల్లో సైన్సు టీచరయింది. ఇక ఆ పదార్థం సంగతంటారా, మందు కాలేదు. కంపెనీవాళ్లు తర్వాతి పరీక్షలో పక్కన పెట్టేశారు. మరి నేనంతగా కాపాడుకున్నదేమిటి? ఒక పేజీలో ఒక మాట. ఆ మాట మీదే ప్రొఫెసర్ని కూడా అయ్యాను.

చాలా ఏళ్ల తర్వాత ఆ స్కూల్లో పిల్లల సైన్సు ప్రదర్శనకు నన్ను పిలిచారు. సువార్త ఎదురొచ్చి నమస్కారం పెట్టింది, పిల్లలకు మా సార్ అని చెప్పింది. పిల్లలు ప్రయోగాలు చేస్తుంటే తను చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడింది. నువ్వూ ఒకటి చేసి చూపించొచ్చుగా అన్నాను. "నేను ముట్టుకోనండీ. చెప్పడం వరకే నా పని, చేసేది పిల్లలే. నా చెయ్యి సంగతి మీకు తెలుసుగా" అని నవ్వింది. చుట్టూ పిల్లలు కూడా నవ్వారు, వాళ్లకది ఎప్పుడూ వినేదే. నేనూ నవ్వాను. ఆమె తెప్పించిన టీ తాగి, బిస్కట్టు తిని, బస్సెక్కాను.

ఆమె ఎక్కడుందో ఇప్పటికీ నాకు తెలుసు. ఉత్తరం రాయొచ్చు. ఈ వయసులో రాస్తే ఆమెకు ఏం చేసినట్టు? పట్టా వస్తుందా? నా బరువు తీసి ఆమె నెత్తిన పెట్టినట్టవుతుందేమో. ఇది నిజమైన సంకోచమా, నా పాత పిరికితనమే కొత్త మాట నేర్చుకుందా? తేల్చుకోలేకపోతున్నాను. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు.

కాని ఒకటి రాసి తీరాలి. పేపర్లో ఉన్నట్టు చేస్తే వచ్చేది బంకే. సువార్త మూడేళ్లూ ఏ తప్పూ చేయలేదు. ఇరవైసార్లు చేసి ఇరవైసార్లూ సరైన ఫలితమే తెచ్చింది. తప్పుడు ఫలితం చూపించింది నేను. ఇలా కాగితం మీద పెట్టి చదువుకుంటే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతకంటే ఎక్కువ నాకు రావాల్సిందేమీ లేదు.