నీళ్ళు లేవని నేను తేల్చిన మూల

అత్తవారి ఊళ్ళో పరువు పోగొట్టుకోవడానికి మామూలు అల్లుళ్ళకు ఏళ్ళు పడుతుంది. నాకు ఒకే ఒక్క బోరు బండి చాలింది. అదీ సైన్సు సాయంతో.

మా నాన్నది గోదావరి వైపు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికొచ్చి గోపాలపట్నంలో స్థిరపడ్డారు. నేనేమో భూభౌతికశాస్త్రం చదివి, నేల లోపలి రాళ్ళను పరీక్షించే ఒక చిన్న సంస్థలో చేరాను. పెళ్ళయిన మొదటి వేసవిలో మా అత్తవారి ఊరు పద్మనాభం నుంచి బావమరిది అప్పలరాజు ఫోన్ చేశాడు. వంగతోట ఎండిపోతోందట, బోరు వేయిస్తున్నారట.

"ఎక్కడ తవ్వాలో పాయింటు నేను పెడతాను" అన్నాను. నన్నెవరూ అడగలేదు, గమనించగలరు.

ఆఫీసులో బతిమాలి పరికరాలు పట్టుకెళ్ళాను. నేలలో వరసగా సెన్సర్లు గుచ్చి, వైర్లు కలిపి, లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇనప పలక మీద సమ్మెటతో కొట్టే పని అప్పలరాజుది. మా అత్తగారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. నాకు కాదు, లాప్‌టాప్‌కి.

"ఇలా కొడితే ఏటవుతాది బావా?"

"దెబ్బ తాలూకు కంపం రాళ్ళలోంచి పరిగెడుతుంది. రాయి గట్టిదైతే హైవే మీద లారీలా దూసుకొస్తుంది. పగుళ్ళుంటే వన్ టౌన్ ఇరుకు సందులో ఆటోలా ఈడ్చుకుంటూ వస్తుంది. బాగా లోతుకెళ్తే పై బరువు పగుళ్ళను నొక్కి మూసేస్తుంది, మళ్ళీ వేగం పెరుగుతుంది. మనకు కావలసింది పగుళ్ళు. నీళ్ళు దాక్కునేది వాటిలోనే. కాబట్టి కంపం నెమ్మదించిన చోటే బోరు!"

ఇందులో అబద్ధమేమీ లేదు. సగం పాఠం చెప్పాను, అంతే. మిగతా సగం చెప్పిన రోజు నేను క్లాసుకు వెళ్ళలేదు.

అప్పలరాజు ముందే అనుకున్నది తోట పల్లపు మూల. అక్కడ కొట్టిస్తే కంపం తుపాకీ గుండులా వచ్చింది.

"ఇక్కడ చుక్క ఉండదు. కింద ఒకటే బండ" అని తేల్చేశాను.

"అదేటి బావా, పల్లం కదా! మళ్ళీ ఓసారి సూడు."

"యంత్రం అబద్ధం చెబుతుందా?"

"యంత్రాన్ని ఎవులన్నారు?" అని నా వైపు అదోలా చూశాడు.

మెరక మీద కంపం కుంటుకుంటూ వచ్చింది. నేను గంతేశాను. మర్నాడు బోరు బండి అక్కడే దిగింది. గంటల తరబడి తవ్వితే వచ్చింది దుమ్ము. తెల్లటి, మెత్తటి, శుద్ధమైన దుమ్ము. పిండిమిల్లులో పుట్టి పెరిగినవాడిలా తయారయ్యాను.

"పగుల్లున్నాయి సార్. నీల్లే నేవు" అన్నాడు బండివాడు.

"పోన్లే బాబూ, పగుల్లయినా దొరికాయి కదా" అని అత్తగారు నన్ను ఓదార్చారు.

అప్పలరాజు బండిని పల్లపు మూలకు తిప్పించాడు. నేను ఊరుకోవచ్చు కదా? బోరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, చుట్టూ మూగిన రైతులకు ఉపన్యాసం మొదలుపెట్టాను.

"చూడండి, ఇక్కడ నీళ్ళు పడడం శాస్త్రరీత్యా అసంభ..."

'వం' నీళ్ళలో కలిసిపోయింది. బురదనీళ్ళు కొబ్బరిచెట్టంత ఎత్తు లేచి సరిగ్గా నా నెత్తిన పడ్డాయి. ఊరంతా కేకలు. అత్తగారు గొడుగు విసిరేసి తడిశారు. మా ఆవిడ నవ్వలేక గట్టు మీద కూలబడింది. అప్పలరాజు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

ఒళ్ళు తుడుచుకుని, కాలేజీలో ఆ పాఠం చెప్పిన మాస్టారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"ఒరేయ్, ఖాళీ పగులు నొక్కితే నొక్కుకుపోతుంది, అందుకే కంపం నెమ్మదిస్తుంది. పగుల్లో నీళ్ళు నిండితే అవి అంత తేలిగ్గా నొక్కుకుపోవు. ముందొచ్చే కంపం గట్టి బండలో వెళ్ళినట్టే వెళ్తుంది. వెనకాల అడ్డంగా ఊగుతూ వచ్చే రెండో కంపానికి నీళ్ళు సాయం చెయ్యవు. అది నెమ్మదిగానే వస్తుంది. దాన్ని చూశావా?"

"లేదు సార్."

"ఏం?"

"మొదటిది రాగానే ఉపన్యాసం మొదలుపెట్టేశాను సార్."

ఈలోగా ఒక పెద్దాయన దగ్గరకొచ్చి, "మా పొలంలో కూడా సూసి పెట్టండి బాబూ" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా అప్పలరాజు నా భుజం మీద చెయ్యేశాడు. "తప్పకుండా సూత్తాడు. మా బావ ఎక్కడ నీల్లు నేవంతాడో అక్కడ తవ్వించీయండి. తిరుగుండదు!"

ఆ బురదలోనే, నీళ్ళు కారుతున్న ప్యాంటుతో, తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను. రెండో కంపం మాట కూడా వినకుండా ఏ రాయి గురించీ నోరు విప్పను. అత్తవారి ఊళ్ళో అయితే, రెండూ విన్నాక కూడా విప్పను.