బండి దాటని కట్ట

మా బావ పోయాడని పోయిన నెల బాపట్ల నుంచి ప్రెస్సుకి ఫోనొచ్చింది. మాట్లాడింది ఆయన అద్దెకున్న గది తాలూకు యజమాని. "మీరు బావమరిదేనాండి? గోడ మీద ఈ ఒక్క నంబరే రాసుందండి. ఇంకెవరికి చెప్పాలో తెలీలేదు" అన్నాడు. ఇంకెవరూ లేరని చెప్పి తెనాలిలో దొరికిన రైలెక్కాను. పాడె మోసింది నేనూ, ఆ ఇంటాయనా, ఎదురుగా టీకొట్టు నడిపే అన్నదమ్ములిద్దరూ. ఏడ్చేవాళ్లు లేని చావు ఎంత తొందరగా అయిపోతుందో ఆ రోజు చూశాను.

నేను ప్రెస్సులో అక్షరాలు పేర్చుకు బతికేవాణ్ణి. ఊళ్లో పెద్దలెవరు పోయినా నాలుగు మంచిమాటలు పేర్చి అచ్చు తీసివ్వడం నాకు అలవాటే. మా బావ విషయంలో అంతటితో సరిపెట్టుకోవడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఎనిమిదేళ్లు ఆయనతో మాట్లాడకుండా ఉన్నవాణ్ణి నేను.

ఆయన కాలవ కట్టల మీద రోడ్లు చూసే మేస్త్రి. రేపల్లె దాటాక సముద్రం వైపు పోయే కట్టలన్నీ ఆయన కాళ్లకి తెలుసు. ఎక్కడికెళ్లినా మడమతో నేలని రెండుసార్లు తొక్కి, ఏం పలుకుతుందో వినేవాడు. పెళ్లిచూపులకి మా ఇంటికొచ్చినప్పుడూ అంతే. అరుగు మూల తొక్కి చూసి, "ఇక్కడ లోపల బోలుగా ఉందండి, ఎలుకలు తవ్వేశాయి" అని మా నాన్నతో అన్నాడు. నాన్నకి మొహం మాడిపోయింది. ఆ వానల్లోనే ఆ మూల దిగబడింది. "నన్నెక్కడ చూశాడురా, మన అరుగుని చూసి వెళ్లాడు" అని అక్క ఎన్నేళ్లయినా నవ్వుతూనే ఉండేది. పిల్లలు లేరు. ఆ నవ్వే వాళ్లింట్లో సందడి.

అరవైల చివర ఎండాకాలంలో తుఫాను వచ్చింది. వాళ్లుండే ఊరికీ రేపల్లెకీ మధ్య, కాలవ వంపు తిరిగే చోట రెండు ఫర్లాంగుల కట్ట సగానికి సగం జారి కాలవలో పడింది. కట్టే రోడ్డు, రోడ్డే కట్ట. కాలవకి నీళ్లు వదలడానికి నెల కూడా లేదు. ఈలోపు కట్ట బిగవకపోతే వచ్చే నీరు గండి కొట్టుకుని కింద ఉన్న పల్లె మీద పడుతుంది. అడుగున తాటి మొద్దులు దిగ్గొట్టి, జానెడు మందాన మట్టి పోయించి, కావిళ్లతో నీళ్లు చల్లించి, దిమ్మిసలతో కొట్టించి, మళ్లీ జానెడు. అలా పైకి తెచ్చాడు బావ. రెండు కొసలా తాటి మొద్దులు అడ్డం వేయించాడు. మనుషులు నడవొచ్చు, బళ్లు మాత్రం కూడదు. పచ్చి మట్టి మీద చక్రం గాడి పడితే నీళ్లు ఆ గాడి వెంటే లోపలికి దిగిపోతాయని అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పేవాడు. ఊరి మునసబు బండినే తిప్పి పంపాడు. జనం నానా మాటలూ అన్నారు.

ఆ రోజుల్లోనే అక్కకి కడుపులో నొప్పి మొదలైంది. రెండోనాటికి మెలికలు తిరిగిపోతుంటే, తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లాలని పక్కింటి వాళ్లు మంచంతో సహా బండిలో వేసుకుని బయల్దేరారు. బావ అప్పుడు కట్ట మీదే ఉన్నాడు. తర్వాత జరిగింది బండి తోలినతను నాకు చెప్పాడు.

"మేస్త్రిగారూ, మన అమ్మగారేనండి. ఈ ఒక్కసారికీ మొద్దు తీయించండి" అన్నాడట అతను.

బావ బండి దగ్గరికొచ్చి అక్క నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడట. "ఇవాళ మొద్దు తీస్తే రేపు ఎవర్ని ఆపనయ్యా? మంచం దించండి, మోసుకెళదాం" అన్నాడట.

"ఎందుకండీ మొయ్యడం, నేను నడుస్తాలెండి" అంది అక్క. కాలు కింద పెట్టబోయి కూలబడింది.

నలుగురు మోశారు. ముందువైపు ఒక కాలు బావే పట్టుకున్నాడు. అవతలి కొసన బండి లేదు. ఊళ్లోకి మనిషిని పంపి బండి తెప్పించేసరికి రేపల్లెలో సాయంత్రం రైలు వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున రైలుకి తెనాలి వచ్చారు. కబురందుకుని నేను ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. మోకాళ్ల దాకా ఎండిన మట్టితో బావ దిగాడు. అక్క నన్ను గుర్తుపట్టింది, అంతే. మధ్యాహ్నం దాటలేదు. ముందురోజే తెస్తే బతికేదా అని డాక్టరుగారిని అడిగాను. చెప్పలేమన్నారు.

ఆ ఆసుపత్రి వరండాలోనే, అందరూ చూస్తుండగా, "ఒక్క బండి తోలితే నీ రోడ్డు చస్తుందా బావా?" అని అరిచాను. ఆయన నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే పోట్లాడేవాణ్ణి, కాలర్ పట్టుకునేవాణ్ణి, కొన్నాళ్లకి మామూలైపోయేవాళ్లం. మూడో రోజున ఆయన పనిలోకి వెళ్లి, మంచం మోసినవాళ్ల అడుగులు దిగబడ్డ చోటల్లా దిమ్మిస తనే పట్టుకుని కొట్టి పూడ్చాడని విన్నప్పుడు, ఇక ఆ మనిషితో నాకు మాటల్లేవని ఇంట్లో చెప్పేశాను. నెలాఖరుకి కాలవ నిండుగా పారింది. కట్ట చెక్కుచెదరలేదు. ఆ సంగతి నాకు ఇంకా కంటగింపుగా ఉండేది.

ఏటేటా అక్క తద్దినానికి ముందు కార్డు రాసేవాడు. పెన్సిలుతో రెండే వాక్యాలు. "ఫలానా రోజు పెడుతున్నాను. వీలుంటే రండి." నేను వెళ్లలేదు. వీలులేక కాదు.

రెండేళ్ల కిందటి ఉప్పెన సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? తెనాలి నుంచి పులిహోర పొట్లాలూ పాతబట్టలూ లారీలో వేసుకుని మేమూ బయల్దేరాం. రేపల్లె దాటాక ఎటు చూసినా తెగిపోయిన రోడ్లే. చివరికి మాకు మిగిలిన దారి ఆ వంపు దగ్గరి కట్టే. అక్కడ తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన లారీల్ని ఒక్కొక్కటే వదులుతున్నాడు. దగ్గరికొచ్చేదాకా బావని గుర్తుపట్టలేదు. అంత చిక్కిపోయాడు.

ఆయన మాత్రం వెంటనే పోల్చుకున్నాడు. "ఏరా, నువ్వా? దిగు. దిగి నడు, లారీకి బరువు తగ్గుద్ది" అన్నాడు.

ఎనిమిదేళ్ల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. దిగి నడిచాను. పక్కనే నడిచాడు. మధ్యలో ఒకచోట ఆగి, "అలిసిపోతే ఇక్కడే మంచం దించి భుజం మార్చుకున్నాం" అన్నాడు. ఇద్దరం అక్కడే కాసేపు నిలబడ్డాం. మా పక్క నుంచి బియ్యం లారీలు పోతూనే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ కట్ట నిలవడం మంచిదే అయింది. అక్క పోవడం అలాగే ఉంది. ఈ రెంటికీ చెల్లు వేసుకోవడం నాకు ఇవాళ్టికీ చేతకాలేదు.

రిటైరయ్యాక ఆయన బాపట్లలో గది తీసుకున్నాడు. బాపట్ల ఎందుకు బావా, తెనాలి రాకూడదా అంటే, "ఇక్కడైతే నేనెవరికీ తెలీదురా, హాయిగా ఉంది" అన్నాడు. హాయి నాకేమీ కనపడలేదు. ఒక చాప, ఒక స్టవ్వు, ఒకే ఒక కంచం. నేను వెళ్లింది మొత్తం మూడుసార్లు. ఇంకా ఎక్కువ వెళ్లాల్సింది. నాకు సిగ్గుగా ఉంది.

మూడోసారి, మొన్నటి వానల్లో వెళ్లి, తిరిగి బయల్దేరే ముందు ధైర్యం చేసి అడిగేశాను. "బావా, ఆ రోజు బండి తోలనిచ్చుంటే..."

"బతికేదేమో" అన్నాడు, నన్ను పూర్తి చెయ్యనివ్వకుండా. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ మళ్లీ తనే అన్నాడు: "కట్ట కూడా నిలిచేదేమోరా. ఒక్క బండేగా."

నేను సంచీ సర్దుకోవడం ఆపేశాను.

"రోజూ ఆ బండి నేనే తోల్తన్నాను. ఒక్కోసారి దాటుద్ది. ఒక్కోసారి దిగబడుద్ది" అన్నాడు. తర్వాత లేచి, రైలుకి టైమవుతోందని నా సంచీ అందుకుని వీధిలోకి నడిచాడు.

రిక్షా కదిలాక వస్తానని చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, వానకి నానిన సందులో కాస్త ముందుకి వంగి నిలబడి, మలుపు తిరిగేదాకా నా రిక్షా చక్రాలనే చూస్తున్నాడు.