మామయ్య కాలు తొక్కకండి

మా మేనమామకు చెట్ల వేళ్లన్నీ తన కాళ్లే. పాత ఇళ్లు పడగొట్టే కంట్రాక్టరు ఆయన. ఏ ఇంట్లో గునపం దింపాలన్నా ముందు అక్కడి చెట్టు చుట్టూ, నీడ పడినంత మేరా కంచె కట్టించేవాడు. ఆ కంచెలో ఎవరైనా ఒక్క ఇటుక పడేశారో, "అమ్మో, నా కాలు!" అని కేకపెట్టి కుంటేవాడు.

నేను దేశాలు పట్టుకు తిరిగినవాణ్ణి. గొడుక్కి జలుబు చేస్తుందని వానలో దాన్ని తెరవని మనిషిని కూడా చూశాను. జేబు ఖాళీ అయినప్పుడల్లా మామయ్య దగ్గర పనికి చేరేవాణ్ణి కాబట్టి ఈ కేక నాకు కంఠతా వచ్చు. వేళ్లు నీడకంటే దూరం పాకుతాయని ఎక్కడో చదివి ఊరుకోక ఆయనకు చెప్పాను. మర్నాడు కంచె గేటు దాకా పెరిగింది.

ఓసారి మేస్త్రీ పాత సున్నం తెచ్చి చెట్టు మొదట్లో కుమ్మరించాడు. అల్లంత దూరాన టీ తాగుతున్న మామయ్య "మంట! మంట!" అంటూ పాదం ఊదుకున్నాడు.

"టీ ఒలికిందేమో" అన్నాడు మేస్త్రీ, పారతో సున్నం గబగబా ఎత్తేస్తూనే.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఓ ఇల్లు ఒప్పుకున్నాం. ప్రహరీ గోడ పక్కనే బాదం చెట్టు, సగం కొమ్మలు వీధిలోకి.

"చెట్టు కొట్టేయండి, పొక్లెయిన్ వెనక గదికి పోవాలి" అన్నాడు ఇంటాయన.

"కుదరదండీ."

"పోనీ కంచె తీసి పక్కనుంచి పోనివ్వండి."

"నా కాలుమీంచా?"

"మీ కాలు మీ చెప్పులోనే ఉంది కదయ్యా!"

"ఇదొకటి. మిగతావి భూమిలో ఉన్నాయి."

ఇంటాయన డ్రైవరుకు సైగ చేశాడు. పొక్లెయిన్ కంచెను తాకిందో లేదో, మామయ్య పెట్టిన కేకకు డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దూకి, బండి కింద కాలు వెతికాడు.

"బాబ్బాబు, మీ ఇష్టమొచ్చినట్టు పడగొట్టుకోండి!" అని ఇంటాయన దణ్ణం పెట్టేశాడు.

మామయ్య ఇష్టం గునపాలు. గంట తిరక్కుండా నా అరచేతులు బొబ్బలెక్కాయి. భోజనాల దగ్గర అడిగేశాను.

"చెట్లంటే అంత ప్రాణమా మామయ్యా?"

"చెట్లా? ఆ ఆకులు ఊడ్వలేక చస్తున్నాం. గోడవతల చూడరా."

కొమ్మల నీడలో ఇస్త్రీ బండి. బొగ్గుల పెట్టె తోస్తూ ఒకావిడ.

"నీడ పోతే ఈ ఎండలో ఆ నిప్పుతో ఆవిడ నిలబడగలదా? పోయిన ఇంటి దగ్గర చెప్పులు కుట్టే అతను. ప్రతి చెట్టు కిందా ఎవరో ఒకరుంటార్రా."

"ఆ ముక్కే చెప్పొచ్చుగా?"

"చెబితే ముందు ఆవిడ బండి తీయించేస్తారు. నా కాలంటే, పిచ్చాడులే అని ఊరుకుంటారు."

అంతలో ఆవిడే గేటు తోసుకుని వచ్చింది, చేతిలో పొగలు కక్కే గుడ్డ మడత.

"పొద్దుట్నుంచి మీ కేకలు వింటున్నా బాబాయిగారూ. కాపడం పెడితే చిటికెలో తగ్గుతుంది. ఏ కాలండీ?"

మామయ్య నావైపు చూశాడు. నేను తల కంచంలో పెట్టేశాను.

"రెండూనమ్మా" అని, ఆ మండుటెండలో బుద్ధిగా రెండు కాళ్లూ చాపాడు.