జొన్నాడలో నా బస్సు మార్పించారు

మా అమలాపురం కేబుల్ టీవీలో రోజూ సాయంత్రం ఏడింటికి వార్తలు చదివేది నేనే. రాజమండ్రిలో కొత్తగా ఆఫీసు తెరిచిన శాటిలైట్ ఛానల్ వాళ్ళు ఈ రోజు ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఈ పిలుపు కోసం మూడేళ్ళు ఎదురుచూశాను. అక్కడికి చేరాక నాకు జ్వరమని మా కేబుల్ ఓనరు గారికి ఫోను చేద్దామనుకుని, ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం బస్సెక్కాను.

జొన్నాడలో టైరు పంక్చరైంది. అందరం దిగాం. నన్ను గుర్తుపట్టిన కండక్టరు కంగారుపడిపోయాడు.

"అయ్యో మేడం గారూ, ఇక రాజమండ్రి వెళ్ళి ఎప్పుడు తిరిగొస్తారండీ? ఏడింటికి వార్తలు చదవాలి కదండీ!"

"ఫరవాలేదండీ."

"ఫరవాలేదంటే ఎలాగండీ? మీ వార్తలు అయితేగానీ మా అమ్మ అన్నం ముట్టదండి."

"ఆయ్, మా ఇంట్లోనూ అంతేనండి," అంది పక్కనున్నావిడ.

అంతే, ప్రయాణికులంతా రోడ్డుకి అడ్డంగా నిలబడి, అమలాపురం వెళ్ళే బస్సు ఆపి, నన్ను ఎక్కించేశారు. కిటికీ పక్క సీటు కూడా ఇప్పించారు. అసలు సంగతి చెబితే ఓనరు గారిదాకా పాకిపోతుందని నోరు మూసుకుని కూర్చున్నాను.

సరిగ్గా ఏడింటికి, ఇంటర్వ్యూ కోసం కట్టుకున్న పట్టుచీరలోనే, నవ్వుతూ నమస్కారం పెట్టాను.

ఇంత అభిమానించే ఊళ్ళోంచి ఎలా బయటపడాలో, బయటపడ్డవాళ్ళెవరైనా కాస్త చెబుదురూ!