రెండు ఖాళీల్లో మిగిలిన ఒకటి

మా నాన్నది అమీర్‌పేటలో మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొచ్చిన వాళ్ళకి ఆ రంగు జాకెట్టు గుడ్డ, లైనింగ్, ఫాల్ వెతికి ఇచ్చే దుకాణం. రోడ్డు మీదికి మూడు మెట్లు. బేరం కుదరక ఎవరైనా లేచి వెళ్ళిపోతుంటే నేను కంగారుపడి పిలవబోయేదాన్ని. నాన్న కళ్ళతోనే ఆపేవాడు.

"ఆగు బిడ్డా, మూడో మెట్టు దిగనీ. మనకు అవసరమున్నదని ముందుగాల మనమే చెప్పుకుంటమా?"

మూడో మెట్టు మీద కాలు పడగానే, "రా తల్లీ, గింత దానికి పోతవా" అని పిలిచేవాడు. కొనేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకే మెట్లు తీరిగ్గా దిగేవాళ్ళు.

నాకు బాగా వచ్చిన విద్య అదే. బాస్కెట్‌బాల్ దాని తర్వాతే. అయినా ఆరు సీజన్లు విదేశాల్లో ఆడి బతికాను. నాలుగు దేశాలు, ఐదు జట్లు. వాటి పేర్లు చెప్పినా మీరు విని ఉండరు, ఆ ఊళ్ళలోనే సగం మంది వినలేదు. చిన్న లీగుల్లో ఒక్కో జట్టు ఇద్దరు ముగ్గురు పరదేశీలను తీసుకోవచ్చు. గెలిస్తే కోచ్ గొప్ప. వరసగా మూడు ఓడితే పరదేశీ పెట్టె సర్దుకోవాలి. ఒకచోట నన్ను తీసేసిన కబురు, స్నానపు తొట్టిలో జెర్సీ ఉతుక్కుంటుండగా ఫోన్లో మెసేజ్‌గా వచ్చింది. జెర్సీ వాళ్ళది కాబట్టి బాగా పిండి, ఆరేసి, మడతపెట్టి అప్పజెప్పి మరీ వచ్చాను. దుకాణం వాళ్ళ పిల్లని కదా, వెనక్కిచ్చే సరుకు మీద మరక ఉండకూడదు.

మొదటిసారి పిలుపు వచ్చింది మాత్రం నాకొక్కదానికే కాదు.

నాతో ఆడే అమ్మాయి ఒకతె ఉండేది. నాకంటే రెండేళ్ళు చిన్న. కోస్తా నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ పొద్దున కంప్యూటర్ కోర్సుకి వెళ్ళేది, సాయంత్రం పంజాగుట్టలో కోర్టుకి వచ్చేది. నావైపు చూడకుండానే బంతి నా చేతికందించేది. నేను వేసిన పాయింట్లు పేపర్లో పడేవి. వాటిలో సగం ఆమె చేతిలో పుట్టినవని నాకు తెలుసు.

ఒక ఏజెంటు మా ఇద్దరి వీడియో ఓ చలిదేశపు క్లబ్బుకి చూపించాడు. ఇద్దరినీ రమ్మన్నారు. ఒక్క సీజను ఒప్పందం, ఇద్దరికీ ఒకే గది, తిరుగు టికెట్టు సీజను పూర్తిచేస్తేనే.

"సంతకం పెట్టేద్దాం అక్కా," అంది ఆమె. "ఒకే గదైతే ఏంటి? హాస్టల్లో నలుగురం పడుకోవట్లేదా?"

"నువ్వు జర ఊకో. ఒద్దంటే వాళ్ళే మళ్ళ పిలుస్తరు. రెండు సీజన్లు రాపిస్త చూడు."

రెండు సీజన్లు, చెరో గది, ఎప్పుడంటే అప్పుడు తిరిగొచ్చే టికెట్టు. లేకపోతే రామని ఏజెంటుకి చెప్పాను. ఇంకో క్లబ్బు కూడా అడుగుతోందని ఒక మాట కలిపాను. ఏ క్లబ్బూ లేదు. పక్కన కూర్చుని ఆమె గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఉన్నదీ పోతే ఎలా అక్కా?"

"ఏం పోదు. ఫికర్ చెయ్యకు."

రెండు రోజులు గడిచాయి. మా దుకాణం మెట్ల సంగతి ఆ క్లబ్బు వాళ్ళకేం తెలుసు? వద్దంటే వద్దనే అనుకున్నారు. మూడోరోజు లైనింగ్ గుడ్డల మధ్య కూర్చుని ఉండగా ఏజెంటు ఫోన్ చేశాడు. ఒక స్థానం వేరే దేశం అమ్మాయికి ఇచ్చేశారట, ఇంకొకటే ఉందట. మీ ఇద్దరిలో ఎవరొచ్చినా వాళ్ళకి ఒకటే, ఇప్పుడే చెప్పు అన్నాడు.

"నేను," అన్నాను.

గది గురించి అడగలేదు. టికెట్టు గురించి అడగలేదు. ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా ఆగలేదు.

ఆ సాయంత్రం ఆమెతో, "వాళ్ళకు పొడుగు కావాల్నట," అన్నాను. నాది అయిదడుగుల పదంగుళాలు. ఆమె నాలుగంగుళాలు తక్కువ. నమ్మడానికి వీలుగా ఉన్న అబద్ధమే ఎంచుకున్నాను.

"పోన్లే, నువ్వైనా వెళ్తున్నావు. తర్వాత నన్ను లాక్కెళ్ళు అక్కా," అంది. ఎయిర్‌పోర్ట్ బస్సు దగ్గరికి వచ్చి, తనకోసం కొనుక్కున్న ఆటలో చీలమండలకి బిగించే కొత్త పట్టీల జత నా చేతిలో పెట్టింది. చలికి చీలమండలు పట్టేస్తాయని ఎక్కడో చదివిందట. మూడు సీజన్లు అవే వేసుకున్నాను.

"నాకేమైనా ఉందా అక్కా?" అని అప్పుడప్పుడూ మెసేజ్ పెట్టేది. చూస్తున్నా అని జవాబిచ్చేదాన్ని. ఎవరినీ అడిగింది లేదు. అడిగితే, అప్పుడు ఆమె పేరు ఎందుకు చెప్పలేదని ఎవరైనా అంటారని, అది ఆమె చెవిన పడుతుందని భయం. రెండో ఏడు ఆ ప్రశ్న రావడం ఆగిపోయింది. ఆమె అమీర్‌పేటలోనే ఒక కోచింగ్ సెంటర్లో కౌన్సెలర్‌గా చేరింది. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకి ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగమొస్తుందో చెప్పే పని.

నిరుడు మోకాలు మొరాయిస్తే తిరిగొచ్చేశాను. పంజాగుట్టలో ఒక స్కూల్లో పిల్లలకి ఆట నేర్పుతున్నాను. ఇంకో కోచ్ కావాలన్నారు. ఆ ఉద్యోగం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. కోచింగ్ సెంటర్ కింద టీ బండి దగ్గర నిలబడ్డాం. పిల్లలు మంచివాళ్ళు, కోర్టు కొత్తది అని సరుకు పొగిడినట్టు పొగుడుతుంటే ఆమె ఆపింది.

"ఇన్నేళ్ళకి నేనెందుకు గుర్తొచ్చానక్కా?"

"అప్పుడు బేరం చెడగొట్టింది నేనే."

"పక్కనే ఉన్నాగా. తెలుసు."

"పొడుగు మాట అబద్ధం."

ఆమె టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఎవరొస్తరని ఏజెంటు నన్నే అడిగిండు. నేనని చెప్పిన."

"నా పేరు చెప్పావా?"

"లేదు."

"హాస్టల్ ఎంత దూరమని? నన్నొక మాట అడగాలనిపించలేదా?"

దీనికి జవాబు ఇన్నేళ్ళుగా తయారుచేసి పెట్టుకున్నాను. "అడిగితే నువ్వు నన్నే పొమ్మంటవని తెలుసు," అన్నాను. ఆ మాట విన్నాక ఆమె మెత్తబడుతుందనుకున్నాను.

"అయితే అడగాల్సింది," అంది. "పొమ్మనేదాన్నేమో. ఆ మాట నేను అనాలి కదా."

నేను టీ డబ్బులు తీసి బండివాడికిచ్చాను. ఆమే మళ్ళీ అడిగింది.

"ఈ ఉద్యోగం దానికి బదులా?"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. "అవును," అని వచ్చింది.

"చేస్తాను. నాకు కోర్టు కావాలి. కానీ దీంతో అది పోదు. రెండూ ఒకే సంచిలో వేసి కట్టకు."

గ్లాసు బండి మీద పెట్టి మేడెక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి సోమవారం నాకంటే ముందే కోర్టులో ఉంది. పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకవైపు చూస్తూ ఇంకోవైపు బంతి అందించడం నేర్పుతోంది. నన్ను చూడగానే, "గుడ్ మార్నింగ్ చెప్పండి మేడంకి," అంది వాళ్ళతో. పిల్లల ముందు కదా, అక్క అనకుండా అలాగే అనాలి అనుకున్నాను. పిల్లలు వెళ్ళిపోయారు. ఇద్దరమే మిగిలి బంతులు వల సంచిలో వేస్తున్నప్పుడు, "రేపూ ఆరింటికేనా మేడం?" అని అడిగింది.

ఆరింటికే అన్నాను.