రాజు మెడ కింద రెండక్షరాలు

కర్నూలులో గడియారాలు బాగుచేసే ఖాసిం సాహెబుకు యుద్ధపు బిళ్లల పిచ్చి. తెల్లదొరలు తమ యుద్ధాలకు పోయొచ్చినవాళ్లకు పంచిన పతకాలు ఆయన దగ్గర నలభై దాకా ఉన్నాయి. అందరూ బిళ్ల మీది రాజు ముఖం చూస్తే ఆయన రాజు మెడ కింద నువ్వుగింజంత రెండక్షరాలు వెదుకుతాడు. బొమ్మ చెక్కినవాడి గుర్తు అది. తాను బాగుచేసిన ప్రతి గడియారం మూత లోపల ఖాసిం కూడా సూదితో ఒక గుర్తు గీస్తాడు. దాన్ని ఇంకో మెకానిక్కు తప్ప ఎవరూ చూడరు. అందుకే ఆ చెక్కినవాళ్లు ఆయనకు సొంతమనుషులు.

"చచ్చిన రాజుల తలకాయలు తెచ్చి నా బియ్యం డబ్బాలో పెడతాండాడు" అని భార్య జానమ్మ తిట్టని రోజు లేదు. ఆమె తప్పేమీ లేదు, డబ్బా ఆమెదే.

మొన్న ఎండాకాలం ఓర్వకల్లు పక్క పల్లె నుంచి ప్రేమమ్మ వచ్చింది. మెడలో కంచు బిళ్ల, చుట్టూ వెండి కట్టు. వెండి బిళ్లలు ఎన్నో చూశాడు గాని, కంచుది ఖాసిం ముప్పై ఏళ్లుగా వెదుకుతున్నాడు.

"మా చర్చికి గోడ గడియారం కావల్ల సాహెబూ. ఇది తీసుకొని అదియ్యి. మా ముత్తాత సుబేదారు, తెలుసునా? తుపాకి పడితే దొరలే పక్కకు జరిగేటోళ్లంట!"

ఆ ఇంట్లో తిండి లేని రోజున కూడా సుబేదారు కథ ఉండేది.

ఖాసిం గడియారం దించి ఆమె చేతికిచ్చాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఆమె ఇచ్చిన బిళ్ల కట్టు ఊడదీశాడు. ఏ కంసాలి బిగించాడో, ఆ ఇంట్లో ఇన్ని తరాలు దాని అంచు చూసినవాళ్లు లేరు. అంచున ఇంగ్లీషులో నంబరు, పేరు. పోర్టర్ ఏసన్న.

నోరు మూసుకుంటే బిళ్ల తనది. చెబితే సుబేదారు పోతాడు, ఆమె కోపంతో బిళ్లా వెనక్కి తీసుకుపోతుంది. అంచును ఇంకో రెండుసార్లు తిప్పి చూశాడు.

"మీ ముత్తాత పేరేందక్కా?"

"ఏసన్న."

"ఆ పేరు ఈడుండాది. సుబేదారని లేదు. మూటలు మోసినోడని ఉండాది."

ప్రేమమ్మ ముఖం ముడుచుకుంది. "సరిగ్గా సూడప్పా."

"మూడుమార్లు సూస్తి."

ఆమె వేలిగోటితో అంచంతా తడిమింది. తర్వాత గడియారం తిరిగి బల్లమీద పెట్టేసింది.

"నేను ముప్పై ఏండ్లు ఉల్లిగడ్డ మూటలు మోస్తి. ఏయ్ అన్నోళ్లే గాని పేరు పెట్టి పిల్చినోడు లేడు. బిళ్ల ఇయ్యి ఇట్ల. కట్టు బిగించొద్దు, పేరు కనపడల్ల."

"రాజు మెడ కింద ఒక్కసారి సూసుకుంటానక్కా."

"బస్సొచ్చేదాకా సూసుకో."

ముప్పై ఏళ్లు వెదికింది చేతికొస్తే వదులుకున్నాడని జానమ్మ ఈసారి నెల రోజులు తిట్టింది. ఆ బిళ్ల ఖాసిం దగ్గర ఇప్పటికీ లేదు. ఎవరైనా అడిగితే, "ఓర్వకల్లు పక్కన ఉండాది, పోయి సూసుకోండి. సుబేదారు గురించి మాత్రం అడగొద్దండి" అంటాడు.