ఊరి గుర్తులు విప్పించిన రోజు

ఈ ఉదయం పుట్టపర్తి అవతలి బీడులో ట్యాంకరు నీళ్లు చల్లుతుంటే ఎర్రమట్టి వాసన గుప్పున లేచింది. రేపు ఇక్కడ పెద్ద సభ. బస్సులు నిలిపే చోట ముందురోజే నీళ్లు పట్టించకపోతే, జనం దిగేసరికి మనిషికి మనిషి కనపడనంత దుమ్ము లేస్తుంది. తొలకరి వాసన హాయిగా ఉంటుందని అందరూ అంటారు. మా వైపు వానలు ఎంత బాగా పడతాయో తెలిసిందే కాబట్టి, నాకు తడిమట్టి వాసన ట్యాంకరుతోనే పరిచయం. ఆ ట్యాంకరు వెనకాల తలమీద తడి తువ్వాలు వేసుకుని నడిచిన దస్తగిరన్నతోనే పరిచయం. అది మంచి జ్ఞాపకమే. చెడగొట్టుకున్నది నేను.

దస్తగిరన్న పేరు మీరు విని ఉండరు. జాతరలకు, ఉరుసులకు, సభలకు ఊళ్ల నుంచి వేలమందిని బస్సుల్లో తెచ్చి తిరిగి ఇళ్లకు చేర్చడం ఆయన పని. వేదిక మీద ఎవరు మాట్లాడారో లోకానికి గుర్తుంటుంది, బస్సుల సంగతి అవి రాకపోతేనే గుర్తొస్తుంది. ఆయనది చిలమత్తూరు. లారీ డ్రైవరుగా మొదలుపెట్టి, యాభై దాటేసరికి జిల్లాలో ఏ పెద్ద గుంపు కూడినా బండ్ల బాధ్యత ఆయనకే అప్పగించేవారు. డిగ్రీ చదివి, కంప్యూటరు నేర్చి, నాకు తెలియనిదేముందన్న ధీమాతో నేను ఆయన దగ్గర పనికి చేరాను. మొదటి రోజే బస్సులు నిలిపే చోటుకు రంగురంగుల పటం గీసి, ప్రతి బస్సుకూ ఒక నంబరు వేసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుండాదమ్మా. దీన్ని ఎవురికిస్తావు?"

"డ్రైవర్లకన్నా."

"డ్రైవరు బండి కాడే ఉంటాడు. వాడు తప్పిపోడు. తప్పిపోయేది బండి దిగిన మనిషి. ఆ మనిషికేమిస్తావు?"

నేను పటం చుట్టి పక్కన పెట్టాను. ఆ వారమే నన్ను కుందుర్పి వైపు ఒక పల్లెకు పంపి, అక్కడి ఆడవాళ్లతో కలిసి వెనక సీటులో కూర్చుని రమ్మన్నాడు. బస్సు కదిలే ముందు డ్రైవరు, దస్తగిరన్న చెప్పిపెట్టిన ప్రకారం, "మీ బండికి గుర్తుగా ఏం కట్టాల్నో మీరే చెప్పండమ్మా" అన్నాడు. ఇక మొదలైంది రచ్చ. ఒకామె శనక్కాయ చెట్టు కడదామంది, ప్రతి ఊరోళ్లూ అదే తెస్తారని ఇంకొకామె కొట్టిపారేసింది. చివరికి బస్సు ముందు ఒక పాత చేట కట్టారు. దారి పొడుగునా ఆ చేట మీదే వేళాకోళం. సభ ముగిశాక ఒకే రంగు బస్సులు వందకు పైగా నిలబడి ఉన్న చోట, వీళ్లు ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా చేట దగ్గరికి నడిచారు. పక్క ఊరి బస్సుకు చీపురు, ఇంకొకదానికి గొర్రెల కాపర్ల కంబళి. మనమే బండికో జెండా ఇస్తే పోతుంది కదా అని దస్తగిరన్నను అడిగాను.

"మనం కట్టిస్తే అది మన గుర్తు. వాళ్లు కొట్లాడి కట్టుకున్నేది వాళ్లు మరిచిపోరు" అన్నాడు.

రెండేళ్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. నేర్చుకున్నానని అనుకున్నాను. ఆ తర్వాత వచ్చింది మహిళా సభ. ఆ రోజు ఆయన పెద్దరోడ్డు మలుపులో నిలబడి బస్సులను లోపలికి మళ్లిస్తున్నాడు, బీడులో వరుసలు చూసుకునేది నేను. నిర్వాహకుల్లో ఒకాయన డ్రోన్ తీసిన ఫోటో నా ముందు పెట్టాడు. "ఏం మేడమ్, చేటలు, చీపుర్లు? పైనుంచి చూస్తే సంత మాదిరి కనపడుతోంది. కెమెరాల వాళ్లు వస్తున్నారు." నాకు తల కొట్టేసినట్లయింది. ఎటూ అద్దాల మీద నా నంబర్లు ఉన్నాయి కదా అనుకుని, అన్ని బస్సుల గుర్తులూ విప్పించి ఒక మూల కుప్ప పోయించాను. అన్నకు తెలుసా అని ఒక డ్రైవరు అడిగితే తెలుసన్నాను. కాసేపటికి దస్తగిరన్నే ఫోన్ చేశాడు.

"అన్ని బండ్లకూ గుర్తులుండాయా?"

"ఉన్నాయన్నా."

 "సరే" అని ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం మూడున్నరకు సభ వదిలారు. మండే ఎండలో ఆడవాళ్లు చేటల కోసం, కంబళ్ల కోసం వెతుకుతూ వరుసల మధ్య తిరిగారు. చదువు వచ్చినవాళ్లు నంబర్లు చదవగలరు, కానీ తమ నంబరు ఏదో ఎవరు చూసుకున్నారు? తమ ఊరివాళ్లను వెతికి ఎక్కించుకుందామని డ్రైవర్లు బండ్లు కదిలించారు. వెనక్కి వస్తున్న ఒక బస్సు కుందుర్పి వైపు నుంచి వచ్చిన నరసమ్మ అనే అవ్వను తోసేసింది. తుంటి ఎముక విరిగింది. దస్తగిరన్న మలుపు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, ఆమెను చేతుల మీద ఎత్తుకుని జీపు ఎక్కించాడు. ఎక్కబోతూ మూలనున్న కుప్పను చూశాడు. నన్నూ చూశాడు. జీపు ఎక్కి వెళ్లిపోయాడు.

మూడో రోజు విచారణకు పిలిచారు. గదిలో నిర్వాహకులు, ఒక అధికారి, మేమిద్దరం. "గుర్తులు తీయమన్నది ఎవరు?" అని అధికారి అడిగాడు. నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. మళ్లీ మూసుకున్నాను.

"నేనే సార్" అన్నాడు దస్తగిరన్న.

ఫోటో చూపించిన పెద్దమనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను. మెట్లు దిగేటప్పుడు ఎందుకట్లా చెప్పావన్నా అని అడిగాను.

"ఫోన్లో నీ గొంతు విన్నప్పుడే తెలిసిపాయ, అబద్ధం చెప్తాండావని. వచ్చి చూసుండల్ల. ఆడే నిలబడిపోతిని. నా తప్పూ ఉండాది" అన్నాడు. నాలుగు మెట్లు దిగి, "ఆయమ్మను పోయి చూసి రా. నిజం నలుగురిలో చెప్పేది, చెప్పంది నీ ఇష్టం" అన్నాడు.

ఆయనను మళ్లీ ఏ పనికీ పిలవలేదు. ఆ పని నాకిచ్చారు. వద్దన్నానని రాయగలిగితే ఎంత బాగుండేది. వెంటనే ఒప్పుకున్నాను. ఆయన చిలమత్తూరు వెళ్లిపోయాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "నరసమ్మను చూసినావా?" అని అడిగేవాడు. ఈ సభ కానీ అన్నా, ఈ జాతర కానీ అన్నా అంటూ దాటవేశాను. గుర్తులు మాత్రం మళ్లీ కట్టించడం మొదలుపెట్టి, అదే ప్రాయశ్చిత్తమని నన్ను నేను మోసం చేసుకున్నాను. పోయిన ఏడాది గుండె ఆగి ఆయన పోయాడు.

అప్పుడు వెళ్లాను నరసమ్మ ఊరికి. అవ్వ అరుగు మీద చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. దస్తగిరన్న పేరు ఎత్తగానే కళ్లు తుడుచుకుంది. "నెలకొక తూరి వచ్చి చూసి పోతాండె. తప్పు నాదే తల్లీ అంటాండె" అంది.

"తప్పు ఆయనది కాదవ్వా. గుర్తులు విప్పించింది నేను."

అవ్వ చేతికర్ర అందుకుని నా వైపు తిరిగింది. "ఈ మాట ఆయప్ప ఉండంగా చెప్పినావా, నలుగురిలో?"

"లేదు."

"మరి ఇప్పుడు నాకెందుకు చెప్తాండావు?" అంది. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే అడిగింది. నేను లేచి వచ్చేశాను.

అప్పటి నుంచి ప్రతి సభకూ ముందు, నిర్వాహకులను, డ్రైవర్లను కూర్చోబెట్టి దస్తగిరన్న పేరు చెప్పి జరిగిందంతా చెబుతున్నాను. నిన్నా చెప్పాను. వాళ్లు పాపం అన్నట్టు తలలూపి, ఎన్ని బస్సులు కావాలో చెప్పండి మేడమ్ అన్నారు. ఆనాడు ఆ విచారణ గదిలో ఈ మాట అని ఉంటే నా పని పోయేది. ఇప్పుడు అంటున్నాను, నాకేమీ పోవడం లేదు.